ఒకే విడతలో దాటించాలి

కాకినాడ,
1899 జనవరి 19

అక్కకూ బావగారికీ తమ్ముడు జ్ఞానప్రకాశం వందనాలు.

ఇక్కడ నేను క్షేమం. మీరూ పాప రూతూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఒక సంగతి చెప్పాలని వారం రోజులుగా మనసు ఉవ్విళ్లూరుతోంది. గిడ్డంగిలో బస్తాలు లెక్కపెట్టే పని నుంచి నన్ను పడవల ఖర్చు లెక్కలకు మార్చారు. షావుకారు కుక్కుటేశ్వరం గారి మూడు పడవలూ ఇప్పుడు నా కాగితాల మీదే నడుస్తున్నాయి. అందులో బావగారు నడిపే పడవ ఒకటి. బావ పడవకు బామ్మర్ది లెక్క రాస్తున్నాడని ఇక్కడివాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ.

లెక్కలు చూస్తే నాకు కడుపు మండింది. నిడదవోలు నుంచి ధాన్యం తెచ్చిన పడవ తిరిగి వెళ్లేటప్పుడు ఉత్తదే వెళుతోంది. నలుగురు మనుషుల కూలి, బత్తెం, లాకుల సుంకం అన్నీ కలిపి రానూ పోనూ తొమ్మిది రూపాయలు. పడవ నిండినా తొమ్మిదే, ఖాళీగా ఉన్నా తొమ్మిదే. అందుకని ఇకనుంచి తిరుగుప్రయాణంలో ఉప్పూ కిరసనాయిలు డబ్బాలూ వేస్తాం. షావుకారు గారు ఒప్పుకున్నారు. బావగారికి ప్రతి తిరుగుప్రయాణానికీ పావలా అదనం.

ఇంకొక మాట. నేను కింద గీత గీసి రాసే వాక్యాలు గిడ్డంగి ఉత్తర్వు. వాటి నకలు ఇక్కడి పుస్తకంలో ఉంటుంది. బావగారికి చదువు రాదు కనుక నువ్వే చదివి వినిపించాలి. ఈసారి ఉత్తర్వు ఇదే: తిరిగి వెళ్లే పడవ ఖాళీగా వెళ్లకూడదు.

విజ్జేశ్వరం దగ్గర ప్రతిసారీ ఒక రోజు పోతోందేం? అడిగి రాయి.

నీ తమ్ముడు
జ్ఞానప్రకాశం


నిడదవోలు,
ఫిబ్రవరి 6

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకు రెండుసార్లు చదివాను. పావలా మాట దగ్గర మళ్లీ చదవమన్నారు. పదమూడో ఎక్కం దగ్గర ఏడ్చి పలక విసిరికొట్టినవాడివి, ఇవాళ షావుకారుకు లెక్కలు నేర్పుతున్నావంటే నాకు గర్వంగానే ఉంది. ఆ ఎక్కం నేర్పింది ఎవరో కూడా ఆయనకు చెప్పు.

విజ్జేశ్వరం సంగతి అడిగావు. నువ్వు కాకినాడ వెళ్లాక కాగితం తప్ప ఏరు చూడటం మానేసినట్టున్నావు. నిడదవోలు నుంచి విజ్జేశ్వరం లాకు దాకా కాలువ. ధవళేశ్వరం నుంచి మీ ఊరి దాకా కాలువ. మధ్యలో గోదావరి ఉంది కదా నాయనా. కాలువలో తాడు కట్టి లాగుతారు, నీళ్లు కదలవు. ఏట్లో అలా కాదు, గాలి లేస్తే అల పడవలోకి వస్తుంది. అందుకని మీ బావ విజ్జేశ్వరం గట్టు మీద సగం సరుకు దింపి, మిగతా సగంతో ఆవలి ఒడ్డుకు వెళ్లి, మళ్లీ వచ్చి దాన్ని తీసుకెళతారు. వాళ్ల నాన్న అలా చేశాడు, ఈయనా అలాగే చేస్తున్నారు. దానికే ఆ రోజు.

పడవలో మనుషులు పాతవాళ్లే. వీరాస్వామి, లోవరాజు, ఇంకొకడు. లోవరాజు భార్య రామలక్ష్మికి మూడో నెల. మా గట్టు మీద ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెస్తారు, చదివి పెట్టమని. పాదిరిగారి బడిలో పంతులమ్మను కదా, పంతులమ్మ అంటే నేనే ఇక్కడ.

రూతును రాజమండ్రి బడిలో వేశాం. ఏడవకుండా వెళ్లింది. నేనే ఏడ్చాను.

దీనమ్మ


కాకినాడ,
మార్చి 17

అక్కకూ బావగారికీ వందనాలు.

ఈసారి సంగతి కొంచెం గట్టిది. జాగ్రత్తగా వినమను.

గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు లేచాయి. వచ్చే ఏడాదికి బండి దాటుతుందంటున్నారు. అప్పుడు నిడదవోలు స్టేషనులో ఎక్కించిన బస్తా మధ్యలో దింపకుండా ఇక్కడికి వస్తుంది. పడవ కిరాయి రైలు కంటే తక్కువ లేకపోతే మనల్ని అడిగేవాడు ఉండడు. షావుకారు గారు నిన్న పడవలు నడిపే ముగ్గురు తండేళ్ల పేర్లూ, చిట్టియ్య అని బావగారి పేరుతో సహా, కాగితం మీద రాసి నా ముందు పెట్టారు. ఈ ఏడాది ఆఖరుకు ఏ పడవ మీద బస్తాకు తక్కువ పడుతుందో ఆ పడవ ఒక్కటే ఉంచుతారట. మిగతా రెండూ అమ్మేస్తారు.

బావగారు ఇప్పుడు నూట నలభై నాలుగు బస్తాలు వేస్తున్నారు. తొమ్మిది రూపాయల ఖర్చుకు బస్తాకు అణా పడుతోంది. నూట తొంభై రెండు వేస్తే అదే ఖర్చు, అదే మనుషులు, బస్తాకు ముప్పావు అణా. నేను పడవ కొలతలు చూశాను, కాలువలో మోస్తుంది. మిగతా ఇద్దరూ అప్పుడే నూట ఎనభైకి వచ్చేశారు.

ఉత్తర్వు: ఒక్కొక్క ప్రయాణానికి నూట తొంభై రెండు బస్తాలు వేయాలి.

బావగారి పడవ ఉండాలని నా ఆశ. నా చదువు ఆ పడవ కూలితోనే సాగింది. అది నేను మరిచిపోలేదు.

జ్ఞానప్రకాశం


నిడదవోలు,
ఏప్రిల్ 11

తమ్ముడికి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే వేశారు. ఇంతకుముందు నీటికీ పడవ అంచుకీ మధ్య జానెడున్నర ఉండేది. ఇప్పుడు బెత్తెడు. నేను గట్టు మీద నిలబడి చూశాను. కాలువలో ఏమీ కాలేదు, నీ లెక్క నిజమే. విజ్జేశ్వరంలో ఎప్పటిలాగే సగం దింపి రెండు విడతలుగా దాటించారు. బస్తాలు ఎక్కువ కనుక రోజున్నర పట్టిందట.

మీ బావ సంగతి నీకు తెలుసు. ఆకు కదిలితే గాలంటారు. మబ్బు కనిపిస్తే లాకు దగ్గర పడవ కట్టేసి చుట్ట ముట్టిస్తారు. పదహారేళ్లలో ఒక్క బస్తా తడపలేదని ఊరంతా చెబుతారు, నిజమే. కాని ఆ పేరుతో పడవ నిలుస్తుందా? పడవ పోతే ఆయన ఏం చేస్తారు? నలభై ఆరేళ్ల మనిషి స్టేషనులో మూటలు మోయాలా? రూతును బడి మాన్పించాలా? రాత్రీ పగలూ నాకు ఇదే గొడవ. ఆయనతో అంటే, దేవుడున్నాడు లేవే అంటారు. దేవుడు షావుకారు కాగితంలో పేర్లు రాయడు కదా.

ఇంకో నాలుగు రోజుల్లో కాలువ కట్టేస్తారు. వేసవి రెండు నెలలూ ఇంట్లోనే ఉంటారు. వలలూ తాళ్లూ బాగుచేసుకుంటారు.

దీనమ్మ


కాకినాడ,
జూన్ 16

అక్కకూ బావగారికీ వందనాలు.

కాలువ వదిలారు. పని మొదలైంది. లెక్కలు చూస్తే బావగారు మూడో స్థానంలో ఉన్నారు. చెప్పడానికి బాధగా ఉంది. మిగతా ఇద్దరిదీ తూర్పు గట్టు, వాళ్లకు ఏరు దాటే పని లేదు. మనకు విజ్జేశ్వరంలో దింపుడు కూలీ, మళ్లీ ఎక్కించే కూలీ, గట్టు మీద కాపలా, మనుషుల బత్తెం, అన్నీ కలిపి రూపాయిన్నర అక్కడే పోతోంది. ఆ రూపాయిన్నర తీసేస్తే పదహారు బస్తాలకు పది అణాలే పడుతుంది. ముగ్గురిలోనూ మనదే తక్కువ.

షావుకారు గారితో మాట్లాడాను. ఉత్తర్వు ఇది, నెమ్మదిగా చదువు: విజ్జేశ్వరం దగ్గర ఇకమీదట సరుకు దింపకూడదు. నూట తొంభై రెండు బస్తాలూ ఒకే విడతలో దాటించాలి. రెండు విడతలుగా దాటించిన తండేలుకు ఆ ప్రయాణపు కూలి ఉండదు. ఏరు పొంగిన రోజున, గాలి ఎక్కువగా ఉన్న రోజున మాత్రం తండేలు తనకు తోచినట్టు చేయవచ్చు, కూలి కోత ఉండదు.

బావగారిని జాగ్రత్తగా ఉండమను.

జ్ఞానప్రకాశం


నిడదవోలు,
జులై 8

తమ్ముడికి దీవెనలు.

ఉత్తరం చదివి వినిపించాను. ఆయన చేతిలోని తాడు పేనడం పూర్తి చేశారు. తర్వాత సరే అన్నారు.

ఇప్పటికి మూడు ప్రయాణాలు ఒకే విడతలో దాటించారు. మూడూ బాగానే జరిగాయి. రోజున్నర కలిసి వస్తోంది. మన పేరు పైకి వచ్చిందా? వెంటనే రాయి.

రామలక్ష్మికి ఎనిమిదో నెల. లోవరాజు ఉయ్యాలకని కర్ర చెక్కుతున్నాడు.

దీనమ్మ


నిడదవోలు,
జులై 29

జ్ఞానప్రకాశానికి.

తంతి అందే ఉంటుంది. అయినా నువ్వు రాలేదు.

మంగళవారం పొద్దున ఇక్కడ గాలి లేదు. పదకొండు గంటలకు విజ్జేశ్వరం చేరారట. అప్పటికి పడమటి గాలి లేచింది. పడవను ఏట్లోకి తీసుకెళ్లారు. నడి ఏట్లో అల అంచు దాటి లోపలికి వచ్చింది, రెండోది వచ్చింది, బస్తాలు నీళ్లు తాగాయి. మునగడానికి చుట్ట కాల్చేంతసేపు కూడా పట్టలేదని వీరాస్వామి చెప్పాడు. వాడూ ఇంకొకడూ చెక్క పట్టుకుని లంక చేరారు. మీ బావ ఈతగాడే. లోవరాజుకు ఈత రాదు. వాణ్ని పట్టుకుని ఉండిపోయారు. ఇద్దర్నీ మూడో రోజు ఆనకట్ట దిగువన తీశారు.

శుక్రవారం సమాధి చేశాం. పాదిరిగారు వచ్చారు. రూతును తీసుకొచ్చారు. దానికి నాన్న మొహం చూపించలేదు, చూపించే విధంగా లేదు.

దీనమ్మ


కాకినాడ,
ఆగస్టు 20

అక్కకు.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేను రాలేదని నీకు కోపం. కోపం న్యాయమే. షావుకారు గారు విచారణ అయ్యేదాకా కదలవద్దన్నారు. ఆ మాట సగమే నిజం. నీ మొహం చూడలేక రాలేదు. విచారణకు ధవళేశ్వరం వచ్చాను, అక్కడి నుంచి నీ ఇల్లు ఒక పూట ప్రయాణం. ఒడ్డున నిలబడి ఏరు చూసి తిరిగి వచ్చేశాను.

విచారణలో కాలువల శాఖ దొరగారు అడిగింది ఒక్కటే. గాలిలో అంత బరువుతో దాటమని గిడ్డంగి చెప్పిందా అని. షావుకారు గారు నకలు పుస్తకం తెప్పించారు. జూన్ పదహారు నాటి ఉత్తర్వు నేనే పైకి చదివాను. గాలి ఎక్కువగా ఉన్న రోజున తండేలు తనకు తోచినట్టు చేయవచ్చు, కూలి కోత ఉండదు. ఆ వాక్యం దగ్గర దొరగారు నన్ను ఆపి మళ్లీ చదవమన్నారు. అంతటితో అయిపోయింది. సరుకు దింపే అనుమతి ఉండి కూడా తండేలు ఆశకొద్దీ దాటాడు, తప్పు తండేలుది అని రాశారు. గిడ్డంగి తప్పు లేదు కనుక లోవరాజు ఇంటికి ఇవ్వవలసింది ఏమీ లేదు.

అక్కా, ఆ వాక్యం బావగారి మీద ప్రేమతో రాశాను. అది ఉండీ ఆయన ఎందుకు దాటారు? నాకు నిద్ర పట్టడం లేదు. నీకు ఏమైనా చెప్పారా?

జ్ఞానప్రకాశం


నిడదవోలు,
సెప్టెంబరు 3

తమ్ముడికి.

ఎందుకు దాటారని అడిగావు. చెబుతాను.

ఆ వాక్యం నేను చదవలేదు.

ఆ రోజు ఆయన గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నారు. నేను ఉత్తర్వు చదువుతూ, కూలి ఉండదు అన్న చోటికి వచ్చాను. కింద వాక్యం నా కళ్లు ముందే చూశాయి. అది చదివితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయనకు ప్రతి రోజూ గాలి రోజే. ప్రతిసారీ సగం దింపుతారు. మన పేరు మూడో చోటే ఉంటుంది, పడవ పోతుంది. ఉత్తరం మడిచేశాను. ఇంతేనా అని అడిగారు. ఇంతే అన్నాను. నిజంగా గాలి వీచే రోజున నేనే చెబుదాంలే అనుకున్నాను. ఇక్కడ బయలుదేరేటప్పుడు వీచని గాలి విజ్జేశ్వరంలో వీస్తుందని, అప్పుడు పక్కన నేను ఉండనని నా బుద్ధికి తోచలేదు. ఏరు ఎలా ఉంటుందో నీకు పాఠం చెప్పినదాన్ని నేనే.

రామలక్ష్మికి పదిహేను రోజుల క్రితం ఆడపిల్ల పుట్టింది. విచారణ మాట ఊళ్లోకి వచ్చింది. పురిటి బట్టలు ఉతకడానికి వాళ్ల అత్త కాలువకు వచ్చి, నేను వినేటట్టే అంది, చిట్టియ్య పావలాల ఆశకి నా కొడుకుని తిన్నాడని. అక్కడ పదిమంది ఉన్నారు. మీ బావ ఎవరి పావలా తిన్నారు? నేను బిందె నింపుకుని ఇంటికి వచ్చేశాను. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం చెప్పలేను.

చెప్పేద్దామనుకుంటున్నాను.

దీనమ్మ


కాకినాడ,
సెప్టెంబరు 12

అక్కకు.

నీ ఉత్తరం చదివాను. అక్కా, తొందరపడకు. చెబితే ఏమవుతుందో ఆలోచించు. నిన్ను బడిలో పంతులమ్మగా ఉండనిస్తారా? పాదిరిగారు ఏమంటారు? రూతు ఎక్కడికి పోవాలి? బావగారు ఇక రారు. పోయినవారికి మాట తగలదు, బతికినవాళ్లకు తగులుతుంది. నువ్వు చదివావనే అందరూ అనుకుంటున్నారు, అనుకోనీ.

నీకు నేను చెప్పనిది కూడా ఒకటి ఉంది. నువ్వు చెప్పావు కనుక నేనూ చెప్పాలి. షావుకారు గారు చెప్పిన ఉత్తర్వులో గాలి మాట లేదు. ఏ రోజైనా సరే ఒకే విడత, మినహాయింపులు పెడితే తండేళ్లు అందులోనే కాపురం పెడతారు అన్నారు. ఆ ఆఖరి వాక్యం నేను ఆయనకు తెలియకుండా చేర్చాను. కూలి కోస్తే నా జీతంలోంచి సర్దుదామనుకున్నాను. విచారణలో అది చదివినప్పుడు షావుకారు గారు నా వంక చూశారు. బయటికి వచ్చాక భుజం తట్టి, మంచి పని చేశావన్నారు. జీతం రెండు రూపాయలు పెంచారు. దొరగారి ముందు నిజం చెప్పవలసిన చోట నేను నోరు మూసుకున్నాను. చెబితే ఆ క్షణమే నా పని పోయేది.

ఇప్పుడు ఇద్దరం చెబితే ఇద్దరం పోతాం. నా మాట విని ఊరుకో. నెలనెలా మూడు రూపాయలు పంపుతాను. రామలక్ష్మికి కూడా ఏదైనా పంపుదాం, పేరు చెప్పకుండా.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి.

జ్ఞానప్రకాశం


నిడదవోలు,
సెప్టెంబరు 24

తమ్ముడికి.

చెప్పేశాను.

రామలక్ష్మి గుమ్మం ముందు నిలబడి చెప్పాను. అత్త ఉంది, వీరాస్వామి ఉన్నాడు, గట్టు మీద వాళ్లు సగం మంది ఉన్నారు. జూన్ ఉత్తరం తీసుకెళ్లాను. ఎక్కడ ఆపానో వేలు పెట్టి చూపించాను. చూపిస్తే ఏముంది, వాళ్లకు చదువు రాదు. రామలక్ష్మి పిల్లను ఒళ్లో పెట్టుకుని, అది ఇప్పుడు చదవండి పంతులమ్మగారూ అంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. పిల్లను అటు తిప్పుకుంది.

అప్పుడు వీరాస్వామి అన్నాడు, ఆ రోజు లాకు దగ్గర గాలి చూసి తను అడిగాడట, చిట్టియ్యా, సగం దింపుదామా అని. మీ బావ ఏరు వంక చూస్తూ నిలబడి, "దింపొచ్చని ఉంటే మా పంతులమ్మ చదివేదిరా. అది ఒక్క అచ్చరం వదల్దు" అన్నారట. విచారణలో ఇదెందుకు చెప్పలేదురా అని అడిగాను. "ఎవరూ అడగలేదండి. చెబితే మీకు బాధని కూడా ఊరుకున్నానండి" అన్నాడు.

నా మీద అంత నమ్మకం పెట్టుకుని ఆ మనిషి ఏట్లోకి వెళ్లారు. ఇక నన్ను బడిలో ఉంచితేనేం, తీసేస్తేనేం. పాదిరిగారు ఆలోచించి చెబుతానన్నారు. నిన్న తపాలా వచ్చింది. గట్టు మీద మూడు ఇళ్లకు ఉత్తరాలు ఉన్నాయి. ముగ్గురూ నా గుమ్మం దాటి, స్టేషను గుమాస్తా దగ్గరికి వెళ్లి చదివించుకున్నారు. వాళ్లు చేసింది సరైన పని.

నీ మూడు రూపాయలు వద్దు. పేరు చెప్పకుండా రామలక్ష్మికి పంపేది అసలు వద్దు. నా తప్పు చెప్పినంత మాత్రాన మీ బావ పేరుకు అంటిన మచ్చ కడుక్కుపోలేదు. ఆ కాగితంలో ఇంకా తప్పు తండేలుది అనే ఉంది. గిడ్డంగి తప్పు లేదనే ఉంది. ఏ రోజైనా ఒకే విడత అన్నది ఎవరో దొరగారికి చెప్పవలసినవాడివి నువ్వు ఒక్కడివే. ఆయన కూలితో చదువుకున్నవాడివి.

పన్నెండో తారీకు నాటి నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యమన్నావు. వెయ్యలేదు. నిన్న సాయంత్రం రామలక్ష్మి ఇంటికి తీసుకెళ్లి, మొదటి మాట నుంచి నీ సంతకం దాకా చదివి వినిపించాను. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది. నిన్ను అడిగి రాయమంది. దొరగారి దగ్గరికి నువ్వే వెళతావా, లేక ఆమెనే పిల్లను ఎత్తుకుని కాకినాడ రమ్మంటావా?

దీనమ్మ